రిలే నుంచి మనిషిని తీసేయడానికి ఒక మెసేజ్ చాలా?

నిన్న రాత్రి మన ఈత బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రిలే జట్టు లిస్టు పడింది. ఇద్దరు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు తలో రకం ఈత ఈదే మిక్స్‌డ్ మెడ్లీ రిలేలో, బ్రెస్ట్‌స్ట్రోక్ ఎదురుగా అక్క పేరు లేదు. ఈమధ్యే బ్యాచ్‌లో చేరిన అమ్మాయి పేరుంది. "టైమింగ్స్ చూసి మార్చాం, అందరూ సహకరించగలరు" అని ఒక్క ముక్క. దాని కింద వరసగా బొటనవేళ్లు. రోజూ అక్క పక్కన ఈదేవాళ్లు పెట్టిన బొటనవేళ్లు! ఆమె డబ్బాలో తెచ్చిన ఉప్మా పూల్ గట్టు మీద కూర్చుని తిన్నవాళ్లు! "అక్కా, ఇలా అనుకుంటున్నాం, నువ్వేమంటావ్" అని ఒక్కరంటే ఒక్కరు ఫోన్ చేయలేదు. పొద్దున్న నేను ఫోన్ చేస్తే, "పోనీలేవే, చిన్నపిల్ల, ఈదనీ" అంది. ఆ మాట విన్నాక నాకు కోపం ఇంకా పెరిగింది.

ఆ అమ్మాయిని నేనేమీ అనను. చక్కగా ఈదుతుంది. ఆ చోటు ఎవరిదో ఆమెకు చెప్పే ఉండరు.

అసలు ఆ లెక్కన్నా సరిగ్గా వేశారా? మాస్టర్స్, అంటే మనలాంటి పెద్దవాళ్ల పోటీల్లో, రిలేకి నలుగురి వయసులు కలిపి గ్రూపు కడతారని మనందరికీ తెలుసు. బ్యాక్‌స్ట్రోక్ ఆయనకు 66, అక్కకు 63, బటర్‌ఫ్లై ఈదే నాకు 47, చివర ఫ్రీస్టైల్ ఆయనకు 65. మొత్తం 241, అంటే 240-279 గ్రూపు. అక్కను తీసి 31 ఏళ్ల అమ్మాయిని పెడితే 209. అంటే 200-239లో పడతాం. అరవై దాటిన మన ఇద్దరు పెద్దమనుషులు వెళ్లి యాభైల్లో ఉన్నవాళ్లతో ఈదాలి. ఒక్క లెగ్‌లో, అంటే ఒకరి వంతు ఈతలో, మిగిలే సెకన్లు చూసి సంబరపడ్డారు, గ్రూపే మారిపోతుందని చూసుకోలేదు. మాస్టర్స్‌లో వయసు బరువు కాదు, అదే మన బలం. విడిగా ఈదే పోటీల్లో ఐదేళ్లకోసారి గ్రూపు మారినప్పుడు, అందులో చిన్నవాళ్లం మనమేనని పండగ చేసుకునేది మనం కాదూ?

సరే, లెక్క మీదే కరెక్టనుకుందాం. అయినా నేను ఒప్పుకోను.

నలభై దాటాక ఈత నేర్చుకోవడానికి వచ్చినదాన్ని నేను. తల నీళ్లలో పెట్టాలంటే వణికేదాన్ని. గట్టు పట్టుకుని, నీళ్లలో బుడగలు వదలడం నేర్పింది అక్క. డబ్బు తీసుకున్న కోచ్ కాదు, అక్క. ఎవరు 800 మీటర్లు ఈదినా గట్టు మీద నిలబడి లెంగ్తులు లెక్కపెట్టేది ఆమే. స్టాప్‌వాచ్ ఆమెదే, అదనపు గాగుల్స్ ఆమె సంచీలోవే. ఎంట్రీ ఫారాలు నింపి, వయసు సర్టిఫికెట్లు సేకరించి, గడువులోగా పంపేదీ ఆమే. ఇప్పుడు అందరికీ ఆమె టైమింగ్ మాత్రమే కనిపించింది.

2008 బీజింగ్ ఒలింపిక్స్ 4 × 100 ఫ్రీస్టైల్ రిలే గురించి మన బ్యాచ్‌లో ఎంత గొప్పగా చెప్పుకుంటారు! అమెరికా జట్టులో జేసన్ లెజాక్ చివరి వంద మీటర్లు 46.06 సెకన్లలో ఈది, ఫ్రాన్స్‌ను 0.08 సెకన్లతో వెనక్కి నెట్టకపోతే, అదే జట్టులోని ఫెల్ప్స్‌కు ఆ ఎనిమిది స్వర్ణాలు లేవని. నిజమే. కానీ అదే రిలేలో హీట్స్, అంటే ఫైనల్‌కు ముందు రౌండ్, మాత్రమే ఈది, ఫైనల్లో లేనివాళ్లకు కూడా బంగారు పతకం ఇచ్చారు. జట్టును అక్కడిదాకా తెచ్చినవాళ్లకు ఒలింపిక్స్‌లోనే ఆ మర్యాద ఉంది. పొద్దున్నే లేచి పాతిక మీటర్ల పూల్‌లో ఈదే మనకు లేకుండా పోయింది.

ఏప్రిల్ వస్తే సమ్మర్ క్యాంప్ పిల్లల కోసం మన బ్యాచ్‌ను ఒక్క లేన్‌లోకి తోసేస్తారు కదా. ఆ లేన్ కూడా తీసేస్తామన్నప్పుడు ఆఫీసు చుట్టూ తిరిగిందెవరు? నిన్న బొటనవేలు పెట్టినవాళ్లలో ఎవరైనా వచ్చారా? ఆ ఎండలో అక్క, నేను, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం. లేన్ దక్కాక మాత్రం దాని మధ్యలో ఈదడానికి అందరూ వచ్చారు. వెళ్లేటప్పుడు ఒక పక్క, వచ్చేటప్పుడు ఇంకో పక్క ఈదాలని ఎన్నిసార్లు చెప్పినా వినరు. వెనక వచ్చేవాళ్లకు మోచేతి దెబ్బలు. అడిగితే "మేం స్పీడ్ స్విమ్మర్లం" అంటారు.

ఈ "స్పీడ్ స్విమ్మర్ల" చిన్నచూపు నిన్న మొదలైంది కాదు. చిన్నప్పుడు జిల్లా తరఫున ఈదినవాళ్లకు, పెద్దయ్యాక నేర్చుకున్నవాళ్లంటే ఎప్పుడూ లోకువే. కొన్నేళ్ల కిందట ఊళ్లో జరిగిన మీట్‌లో అక్క మొదటిసారి 50 మీటర్ల బటర్‌ఫ్లై ఈదింది. మోకాలి నొప్పితో, రెండు కాళ్లూ కలిపి కొట్టే డాల్ఫిన్ కిక్ పడదు కాబట్టి, కప్పలా తన్నే బ్రెస్ట్‌స్ట్రోక్ కిక్‌తో ఈదింది. మాస్టర్స్ రూల్స్‌లో అది అనుమతించిందే. దూకలేనివాళ్లు గోడను తన్నుకుని మొదలుపెట్టొచ్చన్నట్టే ఇదీ రాసిపెట్టి ఉంది. అయినా ఒకాయన టేబుల్ దగ్గరికి వెళ్లి, "అది బటర్‌ఫ్లైయే కాదు" అని వేలు చూపించాడు. రూల్ తెలియని ఆఫీషియల్ డిస్‌క్వాలిఫై చేశాడు. వేలు చూపించింది వేరే జట్టువాడు కాదు, మన బ్యాచ్ మనిషే. మెడల్ అక్కకు రావాల్సింది ఆయన భార్యకు వచ్చింది. ఆ రోజు కూడా అక్క "పోనీలే" అనే అంది. ఆ తర్వాత మళ్లీ బటర్‌ఫ్లైకి ఎంట్రీ ఇవ్వలేదు. అందుకే ఈ రోజు రిలేలో ఆ లెగ్ నేను ఈదుతున్నాను.

నిన్న లిస్టు పెట్టిందీ ఆ మనిషే.

పొద్దున్నుంచీ ఆయన నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, నేను తప్పుకుంటానేమోనని టెన్షన్. ఎంట్రీల గడువు శనివారం సాయంత్రం దాకా ఉంది. సార్, మీరు ఈ పోస్ట్ చదువుతారని తెలుసు. ముందు అక్క ఇంటికి వెళ్లి, ఆ బటర్‌ఫ్లైకి క్షమాపణ చెప్పండి. రిలే గురించి ఆ తర్వాత నాతో మాట్లాడండి.