సవరణ: క్రామండ్ బారొనెట్ సర్ జాన్ ఇంగ్లిస్ గురించి

ఎడింబరో సమీపంలోని క్రామండ్‌కు చెందిన రెండవ బారొనెట్ (వంశపారంపర్య బిరుదుదారు) సర్ జాన్ ఇంగ్లిస్ (1683–1771) స్కాట్లండులో గుర్రపు టపాను ప్రారంభించారని ఇంతకుముందు రాశాను. అది పొరపాటు. నడిచి టపా మోసేవారి స్థానంలో 1715లో ఎడింబరో నుంచి స్టర్లింగ్‌కు గుర్రపు టపాను ఏర్పాటు చేసినవారు ఆయనకు ముందు ఎడింబరోలో స్కాట్లండు టపా అధికారిగా ఉన్న జేమ్స్ ఆండర్సన్. ప్రాచీన శాసనపత్రాల పరిశోధకుడిగానే చరిత్ర ఆయనను ఎక్కువగా గుర్తుంచుకుంది కాబట్టి ఆ ఘనత పక్కవారికి పోవడం సులువే, అయినా నేను సరిచూసుకోవలసింది. ఇంగ్లిస్ 1717లో ఆయన స్థానంలోకి వచ్చారు.

పోస్ట్‌మాస్టర్ జనరల్ (టపా శాఖాధిపతి) అని నేను రాసిన వారి పదవి పేరునూ సరిదిద్దాలి. 1711లో అమలైన చట్టంతో స్కాట్లండు టపా లండన్ అధీనంలోకి వెళ్లినందువల్ల, ఎడింబరోలోని అధికారి ఉప పోస్ట్‌మాస్టర్ జనరల్ మాత్రమే.

కుటుంబం విషయంలో, 1687లో బారొనెట్ బిరుదు పొందినది జాన్ కాదు, ఆయన తండ్రి సర్ జేమ్స్. ఆ మరుసటి ఏడే తండ్రి మరణించడంతో, పసితనంలోనే బిరుదుకు వారసుడైన జాన్ దాన్ని ఎనభై ఏళ్లకు పైగా ధరించారు. అయిదవ బారొనెట్ మరణంతో 1817లో ఆ బిరుదు అంతరించింది.