భవనాల మధ్య ఏముంది?

ఇల్లు కట్టాలంటే పునాది లోతు చూస్తాం, ఇనుము ఎంత పడుతుందో లెక్కేస్తాం. అనుమతి ఇచ్చే ఆఫీసు కూడా ఆ స్థలం హద్దుల లోపలే చూస్తుంది. అలా ఒక్కో భవనం నిబంధనలన్నీ పాటించినా, అవన్నీ కలిసిన కాలనీ మాత్రం ఒక్క గట్టి వానకే మునగొచ్చు. ఒకరి సిమెంటు వాకిలి మీద పడిన నీరు రెండో వాళ్ల గుమ్మంలోకి పోతుందా అన్నది ఏ ప్లానులోనూ కనిపించదు మరి. వాతావరణ మార్పును తట్టుకునే ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు గట్టి భవనాల కంటే ముందు వాటి మధ్యనున్న జాగా గురించి మాట్లాడాలని నేననుకుంటాను.

1995 జూలైలో అమెరికాలోని షికాగోను వడగాడ్పులు కమ్మేశాయి. మామూలుగా ఆ రోజుల్లో నమోదయ్యే మరణాల కంటే 739 ఎక్కువ నమోదయ్యాయి. సామాజిక శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ తర్వాత పక్కపక్కనే ఉన్న రెండు పేటలను పోల్చి చూశారు. నార్త్ లాన్‌డేల్‌లో లక్షకు 40 మంది చనిపోతే, సౌత్ లాన్‌డేల్‌లో నలుగురే. రెండు చోట్లా పేదలున్నారు, ఒంటరిగా బతికే వృద్ధులున్నారు. ఎండ కూడా ఒకటే. మొదటి పేటలో మాత్రం పాడుబడ్డ ఇళ్లు, మూతపడ్డ దుకాణాలు, మనిషి అలికిడి లేని వీధులు. గడప దాటాలంటేనే ముసలివాళ్లకు భయం. రెండో పేటలో వీధి నిండా జనం, తెరిచి ఉన్న షాపులు. ఉక్కపోస్తే వెళ్లి కాసేపు చల్లగా నిలబడటానికి ఒక చోటుంది, కనిపించకపోతే ఏమయ్యారని అడిగే మనుషులున్నారు. ఏసీలు ప్రాణాలు కాపాడలేదా అంటే, కాపాడాయి. కానీ ఆ రోజుల్లోనే వేల ఇళ్లకు కరెంటు పోయింది.

కాబట్టి ఖాళీ జాగా వదిలేస్తే చాలదు, దానికో పని ఉండాలి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్ ఈ విషయం నష్టపోయాకే గ్రహించింది. 2011 జూలై 2న కొన్ని గంటల్లోనే 100 మిల్లీమీటర్లకు పైగా వాన కురిసి నగరం మునిగింది. భూమిలోని పైపులనే పెద్దవి చేసుకుంటూ పోతే ఖర్చు తడిసి మోపెడవుతుందని లెక్క తేలింది. దాంతో 2012 ప్రణాళికలో నీటిని నేల మీదే ఆపే, మళ్లించే పార్కులకూ వీధులకూ పెద్దపీట వేశారు. అక్కడి ఎంగ్‌హావె పార్కు మామూలు రోజుల్లో పిల్లలు ఆడుకునే చోటు. కుండపోత వస్తే రెండు కోట్ల లీటర్లకు పైగా నీటిని పట్టి ఉంచే చెరువు.

నిర్మాణ సామగ్రి సంగతీ ఉంది. ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో దాదాపు 7-8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది. బాగున్న పాత భవనాన్ని కూలగొట్టి, మళ్లీ సిమెంటు పోసి, దాని స్థానంలో కొత్తగా ‘గ్రీన్ బిల్డింగ్’ కట్టామని చెబితే నాకు నవ్వొస్తుంది.

అయితే నీటికి దారి వదలడం ఊరికే జరిగేది కాదు. నెదర్లాండ్స్‌లో 1995 వరదలప్పుడు దాదాపు రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. తర్వాత కరకట్టల ఎత్తు పెంచుకుంటూ పోవడం మాని, నదికి చోటివ్వాలని నిర్ణయించారు. నైమేఖెన్ నగరం దగ్గర నది కట్టను 350 మీటర్లు వెనక్కి జరిపారు. అందుకోసం 50 కుటుంబాల వరకు ఇళ్లు వదులుకోవాల్సి వచ్చింది. వాళ్లు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది.

చాలా ప్రణాళికలు ఈ బేరసారాల దగ్గరే బోల్తా పడతాయి. నీటి దారిలో ఉన్న గుడిసెలను ఒక్క నోటీసుతో తీసేస్తారు, అదే దారిలో ఉన్న కాంప్లెక్స్ కోర్టులో నిలబడుతుంది. పార్కు వచ్చాక చుట్టుపక్కల అద్దెలు పెరిగి, మునక భరించిన వాళ్లే పొడినేల దక్కే వేళకు ఊరి చివరికి పోవాల్సి వస్తుంది. ఎవరు కదలాలో, కదిలినవాళ్లకు ఎక్కడ చోటిస్తారో, అద్దెలకు పగ్గం ఎవరు వేస్తారో మ్యాపు గీసే రోజునే రాసిపెట్టాలి. పూడిక తీసే మనుషులకు ఏటా జీతం ఏ పద్దు నుంచి వస్తుందో కూడా అందులోనే ఉండాలి.