సముద్రపు ఈతకు పూల్‌లో కొలిచిన కిలోమీటర్లు చాలవు

1959 ఆగస్టు 27న కలకత్తాకు చెందిన పద్దెనిమిదేళ్ల ఆరతి సాహా ఇంగ్లిష్ ఛానల్‌లో దిగారు. ఆమె వెంట రావాల్సిన బోటు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. అనుకూలంగా ఉన్న నీరు కాస్తా ఆ లోపే చేజారింది. ఇంగ్లండ్ తీరం ఇంకో ఐదు మైళ్లు ఉందనగా ఎదురు ప్రవాహంలో చిక్కుకుని ఈత ఆపేయాల్సి వచ్చింది. నెల తర్వాత, సెప్టెంబరు 29న, ఫ్రాన్స్ వైపు నుంచి మళ్లీ దిగి 16 గంటల 20 నిమిషాల్లో ఇంగ్లండ్ ఒడ్డెక్కారు. ఛానల్ ఈదిన తొలి ఆసియా మహిళ ఆమె. మరుసటి ఏడాది పద్మశ్రీ వచ్చింది.

నెల రోజుల్లో ఎవరి భుజాల్లోనూ కొత్త బలం పుట్టుకురాదు. ఆ రెండు ప్రయత్నాల మధ్య తేడాలో పెద్ద భాగం నీటి వేళది, వెంట వచ్చిన పడవది. మన దగ్గర ఎవరైనా సముద్రం ఈదితే పత్రికలు సాహసం, పట్టుదల అని రాస్తాయి. ఆ రెండూ నిజమే. కానీ ఈతగాడిని ఒడ్డుకు చేర్చే పనిలో సగానికి పైగా పోటు లెక్క, తిండి, ఒంటి వేడి, పడవలో కూర్చున్న మనుషులే చేస్తారని నా అభిప్రాయం. ఆ సగాన్ని నేర్పే ఏర్పాటు తెలుగు నేల మీద ఇంకా సరిగా మొదలుకాలేదు.

ముందు పోటు సంగతి చూద్దాం. ఛానల్ వెడల్పు నేరుగా కొలిస్తే సుమారు 33 కిలోమీటర్లు. గంటకు మూడు కిలోమీటర్లు ఈదే మనిషికి పదకొండు గంటలు చాలాలి. కానీ అక్కడి నీరు ఆరేసి గంటలకు దిశ మార్చుకుంటుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ ప్రవాహం గంటకు ఏడు కిలోమీటర్ల దాకా పోతుంది. దానికి ఎదురీదడం ఎవరి వల్లా కాదు. అడ్డంగా ఈదుతూ, నీరు పక్కకు తోసుకుపోతుంటే పోనిస్తూ, అది తిరిగి వెనక్కి తెచ్చేదాకా ముందుకు సాగాలి. 1875లో తొలిసారి ఛానల్ ఈదిన మాథ్యూ వెబ్‌కు 21 గంటల 45 నిమిషాలు పట్టింది. వంకర టింకరగా ఆయన ఈదిన దూరం అరవై కిలోమీటర్లు దాటిందంటారు. అందుకే ఛానల్‌లో దిగేవాళ్లలో ఎక్కువమంది అష్టమికి అటూ ఇటూ, పోటు నెమ్మదిగా ఉండే రోజులు వెతుక్కుంటారు. మన జాలరి ఇళ్లలో ఈ తిథుల లెక్క ఎవరూ ప్రత్యేకంగా నేర్పకుండానే పిల్లలకు అబ్బుతుంది. ఈత కోచింగ్‌లో మాత్రం ఆ ఊసే వినపడదు.

ఈ లెక్కకు శిక్షణతో నేరుగా సంబంధం ఉంది. ఇంగ్లండ్ వైపు నుంచి దిగినవాళ్లకు ఫ్రాన్స్ తీరం కనుచూపు మేరలోకి వచ్చాక నీరు తిరిగితే, అలసిన మనిషి ఒడ్డు పక్కనే గంటల తరబడి కొట్టుకుపోతాడు. ఆ తిరుగుడు కన్నా ముందే ఒడ్డు పట్టుకోవాలంటే పదో గంటలో వేగం పెంచగలగాలి. రోజూ పూల్‌లో ఒకే వేగంతో ఐదు కిలోమీటర్లు ఈదినవారికి ఈ శక్తి రాదు. నాలుగైదు గంటల ఈత చివర ఒక గంట గట్టిగా ఈదడం విడిగా సాధన చేయాలి.

ఇక గంటల విషయం. ఇంగ్లండ్‌లోని డోవర్ హార్బరులో ఫ్రెడా స్ట్రీటర్ అనే ఆవిడ ఏళ్ల తరబడి ఛానల్ ఈతగాళ్లకు తర్ఫీదు ఇచ్చారు. ఆమె కూతురు అలిసన్ ఛానల్‌ను 43 సార్లు ఈదారు. అక్కడి పద్ధతి చూడటానికి సాదాగా ఉంటుంది. శనివారం ఆరేడు గంటలు చల్లటి నీటిలో ఈదాలి. ఆదివారం, నిన్నటి నొప్పులతోనే మళ్లీ దిగి దాదాపు అంతసేపు ఈదాలి. ఒకేసారి పన్నెండు గంటలు ఈదించడం కన్నా ఇది మేలు. భుజాలు పూర్తిగా చెడిపోకుండానే, అలసిన ఒంటితో నీటిలో దిగడం ఎలా ఉంటుందో మనసుకు తెలుస్తుంది. దూరపు ఈతగాళ్లను ఎక్కువగా ఇంటికి పంపేది భుజం కీలు నొప్పే. దూరం వారం వారం కొద్దిగా పెంచుకుంటూ, మధ్యలో ఒక వారం తగ్గిస్తూ, భుజం వెనక కండరాలకు వ్యాయామం చేస్తూ పోవాలి. ఆరు నెలల్లో పాక్ జలసంధి ఈదిస్తామని ఎవరైనా మాటిస్తే నేనైతే నమ్మను.

తిండి కూడా సాధన చేయాల్సిందే. ఈదేవాళ్లు పడవను ముట్టుకోకూడదు. అరగంటకోసారి తాడుకు కట్టిన సీసా విసిరితే, వెల్లకిలా తేలుతూ అర నిమిషంలో తాగేయాలి. గంటకు అరవై గ్రాముల దాకా పిండిపదార్థం ద్రవరూపంలో కడుపులోకి పోవాలి. ఉప్పునీరు మింగి, అలల ఊపుకు వికారం పుట్టి, నాలుక వాచిపోయిన ఏడో గంటలో ఆ తీపి నీళ్లు కడుపులో నిలవాలంటే అంతకుముందు నెలల తరబడి అలవాటు చేసి ఉండాలి. ఉట్టి మంచినీళ్లే ఇస్తూ పోతే రక్తంలో సోడియం పడిపోయి మనిషి తికమకపడే ప్రమాదం ఉంది. ఇంత పెద్ద విషయాన్ని చాలామంది బయలుదేరే ముందు రోజు బజారులో కొనే సామాన్ల జాబితాలా చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

చలి గురించి చాలానే రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఈత సీజనులో ఛానల్ నీరు 15 నుంచి 18 డిగ్రీలు ఉంటుంది. దిగిన మొదటి నిమిషంలోనే ఊపిరి ఎగిసిపడుతుంది. రోజుకు కొన్ని నిమిషాల చొప్పున ఐదారుసార్లు చల్లటి నీటిలో దిగితే ఆ ఎగిసిపాటు బాగా తగ్గుతుంది. గంటల తరబడి ఒంటి వేడి నిలుపుకోవడం మాత్రం అంత త్వరగా రాదు. అందుకే 16 డిగ్రీలు లేదా అంతకన్నా చల్లటి నీటిలో ఆరు గంటలు ఈది చూపిస్తేనే ఛానల్‌లో దిగనిస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో సాధన చేసేవాళ్లు వారాల ముందే అక్కడికి వెళ్లక తప్పదు. అందుకయ్యే ఖర్చుకు దాతలు ముందుకు రావాలి. ఈది వచ్చాక కప్పే శాలువాల కన్నా ఆ డబ్బు విలువైనది.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీనికి పూర్తిగా తలకిందుల సమస్య. మన బంగాళాఖాతం చల్లనిది కాదు. ఏడాదిలో చాలాభాగం తీరం దగ్గర నీరు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటుంది. నీటిలో ఉన్నాం కదా, ఒళ్లు వేడెక్కదులే అనుకుంటాం. నిజానికి శ్రమతో పుట్టే వేడిని వెచ్చటి నీరు బయటికి లాగదు. చెమట పట్టినా అది ఆరే దారి ఉండదు, పట్టిందన్న సంగతీ తెలియదు. సిలికాన్ టోపీ తల వేడిని పట్టి ఉంచుతుంది, వీపు మీద ఎండ కాస్తూనే ఉంటుంది.

2010 అక్టోబరు 23న యూఏఈలోని ఫుజైరాలో 10 కిలోమీటర్ల ప్రపంచ కప్ పోటీలో అమెరికా ఈతగాడు ఫ్రాన్ క్రిపెన్ చనిపోయాడు. వయసు 26. ప్రపంచస్థాయి ఆటగాడు. గుర్తింపు ఉన్న పోటీ. వెచ్చటి నీరు, వేడి గాలి. అతను గమ్యం చేరలేదని మిగిలినవాళ్లు ఈత ముగించాకే గమనించారు. దాదాపు రెండు గంటలకు శవం దొరికింది. ఆ తర్వాతే అంతర్జాతీయ సమాఖ్య 31 డిగ్రీలు దాటిన నీటిలో పోటీ పెట్టకూడదని నిబంధన తెచ్చింది. ఏప్రిల్, మే నెలల్లో మన తీరపు నీరు ఆ గీతకు ఎంత దగ్గరగా ఉంటుందో చూడండి. నిపుణులకే అలా జరిగితే, వేసవి సెలవుల్లో ఎండలో పిల్లలతో సముద్రపు ఈత పోటీలు పెట్టేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి?

కాబట్టి ఛానల్ కోసం రాసిన శిక్షణ పట్టికను ఉన్నదున్నట్టు మన తీరానికి తెచ్చుకోకూడదు. అక్కడ వేడి పానీయం ఇస్తే ఇక్కడ చల్లటిది ఇవ్వాలి. తెల్లవారకముందే దిగి ఎండ ముదిరేలోగా ఎక్కాలి. గంట గంటకూ నీటి వేడి కొలిచి రాయాలి. పడవలోనివాళ్లు నిమిషానికి ఎన్ని బారలు పడుతున్నాయో లెక్కపెడుతూ ఉండాలి. అరవై నాలుగు వేసే మనిషి యాభైకి పడిపోయి, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే, చలి అయినా వేడి అయినా ఇక ఆలోచించాల్సింది లేదు. బయటికి లాగేయాలి. ఒళ్లు పట్టు తప్పిన మనిషి తాను బాగానే ఉన్నాననే అంటాడు. అందుకే ఆపే అధికారం ఈదేవాళ్ల చేతిలో ఉండకూడదు.

పిల్లల విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. 1988లో పన్నెండేళ్లు నిండని థామస్ గ్రెగరీ ఛానల్ ఈదాడు. ఇప్పుడు పదహారేళ్లు నిండనివాళ్లను అక్కడ అసలు అనుమతించరు. చిన్న ఒంటికి వేడి నిలుపుకునే శక్తి తక్కువ. అమ్మానాన్నలు, గురువు చూస్తుండగా ఆపేయమని అడగడం పిల్లలకు కష్టం. రికార్డు పుస్తకాల కోసం పసివాళ్లను గంటల తరబడి నీటిలో ఉంచే వార్తలను మన మీడియా పొగడటం మానాలి.

మనకు శక్తి లేక కాదు. తెలుగు మహిళ గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని 2021 మార్చిలో శ్రీలంకలోని తలైమన్నారు నుంచి ధనుష్కోడికి 13 గంటల 43 నిమిషాల్లో ఈదారు. 2024 డిసెంబరు చివర విశాఖలో బయలుదేరి, రోజుకు కొంత చొప్పున సుమారు 150 కిలోమీటర్లు ఈది జనవరి మొదట్లో కాకినాడ చేరారు. ఆ దిశను, ఆ నెలను కలిపి చూడండి. మన తీరం వెంట నీరు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి, ఫిబ్రవరి నుంచి మే దాకా ఉత్తరానికి నడుస్తుంది. అదే దారిని మార్చిలో ఈదితే నీరు ఎదురొచ్చేది.

మహారాష్ట్రలో మాల్వణ్ సముద్రపు పోటీలు ఉన్నాయి. గుజరాత్‌లో చోర్వాడ్ నుంచి వేరావల్‌కు ఈదే పోటీ ఉంది. బెంగాల్‌లో భాగీరథి నదిలో 81 కిలోమీటర్ల పోటీ జరుగుతుంది. పోటీ ఏటా అదే చోట జరిగితే దాని చుట్టూ పడవలవాళ్లు, డాక్టర్లు, పర్యవేక్షకులు, పాత ఈతగాళ్లు తయారవుతారు. అనుభవం ఒక మనిషితో పోకుండా ఊళ్లో నిలుస్తుంది. మన దగ్గర ప్రతి ఈతగాడూ మొదటి నుంచి మొదలుపెడుతున్నాడు.

జనవరి నుంచి మార్చి మధ్య, సముద్రం కాస్త నెమ్మదించే రోజుల్లో, విశాఖలో గానీ కాకినాడలో గానీ రెండు కిలోమీటర్లు, ఐదు కిలోమీటర్ల ఈతలు ఏటా పెడితే చాలు, పదులూ ఇరవైలూ తర్వాత వస్తాయి. ప్రతి నలుగురైదుగురికి ఒక పడవ ఉండాలి. దాని సరంగు ఆ తీరంలో వేట చేసే మనిషే కావాలి. వేట మానుకుని వచ్చిన రోజుకు తగిన కూలి అతనికి ముందే చేతిలో పెట్టాలి. నీరు తిరుగుతోంది, ఈరోజు వద్దు అని అతను చెబితే, అతిథులు వేదిక మీద కూర్చుని ఎదురుచూస్తున్నా సరే, ఆ రోజు ఎవరూ నీటిలో దిగకూడదు.