కేమద్రుమ యోగం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కేమద్రుమ యోగం గారి దివ్యసముఖమునకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అనడానికి చెయ్యి రావట్లేదు. నిన్న మధ్యాహ్నం మధ్యవర్తి ఫోన్ చేసి, మా చెల్లి జాతకంలో తమరున్న మూలంగా సంబంధం తప్పిపోయిందన్నాడు. తాంబూలాలకి పిలుపులు కూడా అయిపోయాయి.

కుజదోషం గారు ఇంటింటికీ తెలిసినవారే. మూఢం గారు నెలో రెండు నెలలో ఉండి వెళ్ళిపోతారు. తమరి పేరు మాత్రం అబ్బాయి తల్లి జాతకాల యాప్‌లో ఎర్రక్షరాలు చూసేదాకా మా వీధిలో ఎవరూ వినలేదు. ‘మన శాస్త్రం మనం వదులుకోలేం కదండీ’ అన్నారట ఆవిడ. ఆవిడకి తమరి పుట్టిల్లు తెలియదు కాబోలు. గ్రీకులు తమర్ని కెనోడ్రోమియా అనేవారు. కెనోస్ అంటే ఖాళీ, డ్రోమోస్ అంటే పరుగు. ఏ గ్రహాన్నీ కలవకుండా చంద్రుడు ఒంటరిగా సాగిపోవడం. ఆరో శతాబ్దపు జ్యోతిష్కుడు వరాహమిహిరుడి నాటికే ఇక్కడ మకాం పెట్టి, రాజవంశంలో పుట్టినవాణ్ణయినా దరిద్రుణ్ణి చేస్తారన్న పేరు తెచ్చుకున్నారు. మా చెల్లి జీతంతోనే మా ఇల్లు గడుస్తోందని తమరికి మనవి.

చంద్రుడికి అటూ ఇటూ ఉన్న రాశుల్లో గ్రహాలు లేకపోతే తమరు వేంచేస్తారు. సూర్యుడూ రాహుకేతువులూ ఉన్నా లెక్కలోకి రారట, అది వేరే సంగతి. చంద్రుడు ఒక రాశిలో ఉండేది సుమారు రెండుంబావు రోజులు. ఆ లోపు మన దేశంలోనే లక్ష మందికి పైగా పుడతారు. అందరూ దరిద్రులేనా స్వామీ?

అది కూడా పోనివ్వండి. చంద్రుడికి కేంద్రంలో, అంటే చంద్రుడున్న ఇంట్లో గానీ అక్కణ్ణించి నాలుగు, ఏడు, పది ఇళ్ళలో గానీ గ్రహం ఉంటే తమరు చెల్లరని అదే శాస్త్రం చెబుతోంది. (కేంద్రం కూడా గ్రీకు నుంచి వచ్చిందే.) మా చెల్లికి చంద్రుడి నుంచి నాలుగో ఇంట గురువు దర్జాగా కూర్చున్నాడు. యాప్‌లో ఆ ముక్క ఎర్రక్షరాల కిందే ఉంది. వేలితో ఇంకాస్త జరిపితే కనబడేది. జరపలేదు! పిల్లని వద్దనడానికి సాకు దొరికింది, ఇక చదవడం దేనికి? రోజూ రాత్రి దానితో గంటలకొద్దీ ఫోన్లో మాట్లాడిన ఆ పెద్దమనిషి అయినా చదవాలా వద్దా? ‘అమ్మ మాట కాదనలేను’ అని మెసేజ్ పెట్టి ఊరుకున్నాడు.

శాంతి చేయిస్తే మళ్ళీ ఆలోచిస్తారట. అక్కర్లేదని చెప్పేశాం. అబ్బాయి జాతకం మా దగ్గరే ఉండిపోయింది, కావాలంటే ఆయన్నే వచ్చి పట్టుకెళ్ళమనండి.