డిపాజిట్టు గారికి నల్లగొండ ఓటరు రాయు ఉత్తరం

మహారాజశ్రీ ఎన్నికల డిపాజిట్టు గారి సముఖమునకు,

నల్లగొండ పార్లమెంటు నియోజకవర్గపు ఓటరు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేం క్షేమం. మీరు కూడా ప్రభుత్వ ఖజానాలో క్షేమంగా ఉన్నారని తెలుసు. మా జిల్లా నుంచి అక్కడికి చేరిన మీ వాళ్లలో తిరిగొచ్చినవాళ్లు చాలా తక్కువ.

ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్ తీస్తే గెలిచినాయన పేరు తర్వాత ఎక్కువగా కనిపించేది మీ పేరే. "డిపాజిట్ గల్లంతు" అని లావుపాటి అక్షరాల్లో వేస్తారు. ఓడినవాడి ఇంట్లో కంటే ఎదుటి పార్టీ ఆఫీసులోనే మీ గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. ఇంత పేరున్న మీకు ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరమూ రాయకపోవడం మర్యాద కాదనిపించింది.

మీ పుట్టుపూర్వోత్తరాలు మాకు తెలియనివి కావు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో పుట్టారు. అప్పట్లో లోక్‌సభకు మీ ఖరీదు 500 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు అందులో సగం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితే ఇంటికొస్తారు, దాటకపోతే ఖజానాకు పోతారు. ఆకతాయిలూ సరదారాయుళ్లూ బరిలోకి దిగకుండా మిమ్మల్ని గుమ్మంలో కాపలా పెట్టారట. గెలిచినవాడికి మాత్రం ఈ ఆరో వంతు లెక్క వర్తించదు. వాడికెన్ని ఓట్లొచ్చినా మీరు భద్రం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఎత్తుతాను.

1952లో మా రావి నారాయణరెడ్డి గారి విషయంలో మీరు కంగారు పడాల్సిన అవసరమే రాలేదు. కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం ఉండటంతో ఆయన పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ పేరు మీద నిలబడ్డారు. సాయుధ పోరాటపు వేడి ఇంకా చల్లారని ఊళ్లు ఆయనకు 3,09,162 ఓట్లు వేశాయి. ఆ ఎన్నికల్లో దేశం మొత్తం మీద అంతకంటే ఎక్కువ ఓట్లు ఎవరికీ రాలేదు, ప్రధాని నెహ్రూ గారికి కూడా. మాది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక్కో ఓటరుకు రెండేసి ఓట్లు, అందుకే అంకె అంత పెరిగిందని ఎవరైనా సన్నాయి నొక్కులు నొక్కితే, నెహ్రూ గారిదీ అలాంటి నియోజకవర్గమేనని చెప్పండి.

ఆ తర్వాత మేం అన్ని రంగులూ చూశాం. 1967లో కాంగ్రెస్ యూనస్ సలీం గారు, 1971లో తెలంగాణ ప్రజాసమితి కంచర్ల రామకృష్ణారెడ్డి గారు, 1984లో తెలుగుదేశం రఘుమారెడ్డి గారు, 1989లో మళ్లీ కాంగ్రెస్, చకిలం శ్రీనివాసరావు గారు. 1991కి తిరిగి ఎర్రజెండా దగ్గరికే వచ్చి బొమ్మగాని ధర్మభిక్షం గారిని పంపాం. మమ్మల్ని నిలకడలేనివాళ్లు అనుకునేరు. మా పట్టింపు పార్టీల మీద కాదు, నీళ్ల మీద.

నాగార్జునసాగర్ మా జిల్లాలోనే కదా, ఇంక నీళ్లకేం కరువు అంటారేమో. 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు వచ్చి రాయి వేసిన మాట నిజం. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పోయి అక్కడ వరి పండించిన మాటా నిజం. కానీ కాలువకు వాలు కావాలి. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి మెట్ట మీదున్నాయి. అక్కడివాళ్లకు దిక్కు బోరు, బోరులో ఉన్నది ఫ్లోరైడ్. పిల్లల పళ్లు గారబట్టాయి, పెద్దవాళ్ల నడుములు వంగాయి, కొందరు కాళ్లు వంకర తిరిగి మంచానికే పరిమితమయ్యారు. పక్కనే కృష్ణ పారుతుండగా విషం తాగి బతికారు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ తెస్తాం, సొరంగం తవ్వి కొండ అవతలి నుంచి నీళ్లు తెస్తాం అని 1980ల నుంచి వింటూనే ఉన్నారు.

వినీ వినీ 1996లో ఒక పని చేశారు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి ఊరూరా తిరిగి, ధర్నాలకు ఢిల్లీ పలకట్లేదు కదా, నామినేషన్లే వేద్దాం అంది. వేశారు. ఒకే ఒక్క లోక్‌సభ స్థానానికి బరిలో మిగిలినవాళ్లు అక్షరాలా 480 మంది. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమై కూర్చుంది. పోలింగు వాయిదా వేయాల్సొచ్చింది. ఆ పుస్తకంలో ఎవరి గుర్తు ఏ పేజీలో ఉందో వెతుక్కుని ఓటేసిన మా పెద్దవాళ్ల ఓపికకు ఒక దండం. గెలిచింది మళ్లీ ధర్మభిక్షం గారే. ముందువరసలోని కొద్దిమందిని మినహాయిస్తే తక్కినవాళ్లందరి డిపాజిట్లూ మీ ఇంటికే వచ్చాయి. ఒకేసారి అంతమంది బంధువులు దిగితే ఎక్కడ పడుకోబెట్టారో పాపం!

ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. 480 మంది అడిగింది నీళ్లు. ఢిల్లీ వెంటనే కదిలింది, కాదనను. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మీ రేటు 500 నుంచి 10,000 అయింది. ఒక్క దెబ్బకు ఇరవై రెట్లు! గుర్తింపు పొందిన పార్టీ లేనివాడికి పదిమంది ప్రతిపాదకులు ఉండాలన్నారు. ఇదంతా మా ఒక్కరి ఘనతే అంటే గొప్పలు పోయినట్టే. ఆ ఏడాదే తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో వెయ్యి మందికి పైగా, కర్ణాటక బెల్గాంలో 456 మంది నిలబడ్డారు. అందరి బాధలకూ కలిపి ఒకటే మందు రాశారు. సొరంగం పని ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. 2025 ఫిబ్రవరి 22న దాని పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు కూడా. మీ పెంపు మాత్రం ఎన్నిక అయిన నెలల్లోనే పూర్తయింది. కట్టాల్సింది కాలువ కాకపోతే మన ప్రభుత్వాల చురుకుదనం చూసి తీరాల్సిందే.

నీళ్లు అసలే రాలేదంటే కళ్లు పోతాయి. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లు ఎత్తిపోశారు, తర్వాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. వంగిన ఎముకలు మాత్రం వంగినట్టే ఉన్నాయి.

ఇప్పుడు మీ ఖరీదు 25,000. అదే 480 మంది ఇవాళ నామినేషన్ వేస్తే, రాయితీలు పక్కనపెట్టి లెక్కేయండి, కోటీ ఇరవై లక్షలు. నీళ్లు అడగడానికి ఎంట్రీ టికెట్ అన్నమాట. అయినా మీకు భయపడనివాళ్లు ఇంకా ఉన్నారు. 2019లో నిజామాబాద్‌లో పసుపుకూ ఎర్రజొన్నకూ ధర అడుగుతూ 170 మందికి పైగా రైతులు పాతికవేలు కట్టి మరీ నిలబడ్డారు. మొత్తం 185 మంది అభ్యర్థులు. ఒక్కో బూత్‌లో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పేర్చాల్సొచ్చింది. మిమ్మల్ని గుమ్మంలో పెట్టింది ఆకతాయిల కోసమని కదా చెప్పారు. పసుపు కొమ్ములు ఉడకబెట్టుకునేవాడు ఆకతాయి ఎలా అయ్యాడో తెలిస్తే తిరుగు టపాలో రాయగలరు.

సరదారాయుళ్లు ఎక్కడుంటారో నన్నడిగితే చెప్తాను. నియోజకవర్గాల పునర్విభజనలో మిర్యాలగూడ పార్లమెంటు స్థానం పోయి కొత్తగా భువనగిరి వచ్చింది, 2009 ఎన్నికల నుంచి మునుగోడు దాని కిందికి వెళ్లింది. అంటే నీళ్ల కోసం బ్యాలెట్‌ను పుస్తకం చేసిన ఊళ్లు ఇప్పుడు మా ఎంపీ గారి లెక్కలో లేవు. ఆ మునుగోడులోనే 2022లో అసెంబ్లీ ఉప ఎన్నిక జరిగితే దేశంలోకెల్లా ఖరీదైన ఉప ఎన్నికల్లో ఒకటని పేపర్లు రాశాయి. అసెంబ్లీకి మీ ఖరీదు పదివేలు. అక్కడ పారిన డబ్బులో ఆ పదివేలు ఎవరి కంటికైనా ఆనిందా? చట్టం ప్రకారమే లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు ఖర్చు పెట్టొచ్చు. అంత పెట్టగలవాడికి మీరు చాయ్ ఖర్చు. పెట్టలేనివాడికి ఒక పాడిబర్రెకు అడ్వాన్సు.

2024లో మా వాళ్లు రఘువీర్‌రెడ్డి గారిని 5,59,905 ఓట్ల మెజారిటీతో పంపారు. రావి నారాయణరెడ్డి గారికి వచ్చిన మొత్తం ఓట్ల కంటే ఇప్పటి తేడాయే ఎక్కువ. జనాభా పెరిగిందిలెండి, అయినా ఇంత మెజారిటీ ఇచ్చిన ఊళ్లకు ఏదో ఒకటి అడిగే చనువు ఉంటుందని నా ఉద్దేశం.

కాబట్టి ఒక విన్నపం. గెలిచినవాడి డిపాజిట్టును ఫలితం రాగానే చేతిలో పెట్టి పంపకండి. ఐదేళ్లు మీ దగ్గరే ఉంచుకోండి. గడువు తీరాక ఆయన మొహం చూడని ఊళ్లు ఆరో వంతు దాటితే అప్పుడు గల్లంతు చేయండి. చట్టం ఒప్పుకోదంటారా? ఒప్పించడం మీవాళ్లకు పెద్ద పని కాదు, 1996లో నెలల్లో చేసి చూపించారు.

ఇంకొక్క సందేహం. నోటా గారు 2013 నుంచి రూపాయి కట్టకుండా ప్రతి ఎన్నికలోనూ మెషీన్ మీదికెక్కుతున్నారు. ఆయనకు ప్రతిపాదకులు అక్కర్లేదు, అఫిడవిట్ లేదు, ఆరో వంతు రాకపోయినా పేపర్లో ఒక్క ముక్క పడదు. మాకు మళ్లీ నీళ్లో నిధులో అడగాల్సి వస్తే ఆయన పేరు మీద అడగొచ్చునా? లేక అప్పుడు ఆయనకూ ఒక రేటు కడతారా?

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ ఖజానాకు పాత చందాదారు,
నల్లగొండ ఓటరు