దలీప్ సింగ్ సౌంద్: ‘ఏ చట్టమూ అడ్డు రాలేదు’ అన్న మాట ఎంత నిజం?

అమెరికాలో ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొడుతుంది. సారాంశం ఇది: “1920లో అమెరికా వెళ్లిన పంజాబీ యువకుడు రైతుగా ఎదిగి, తలపాగాతోనే కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. ఏ చట్టమూ అడ్డు రాలేదు. తోటి సిక్కుల ఓట్లు కలిసొచ్చాయి. భారతీయులకు అప్పటినుంచే తలుపులు తెరుచుకున్నాయి.”

ఆ యువకుడే దలీప్ సింగ్ సౌంద్, అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లో దిగువ సభ, అంటే ప్రతినిధుల సభకు, ఎన్నికైన తొలి భారతీయ సంతతి సభ్యుడు. తలపాగా సంగతి చిన్నది, ముందు తేల్చేద్దాం. కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పటి ఫోటోల్లో సౌంద్‌కు తలపాగా లేదు, గడ్డమూ లేదు.

అసలు తప్పంతా “ఏ చట్టమూ అడ్డు రాలేదు” అన్న వాక్యంలో ఉంది. ఆయన వెళ్లింది పండ్లను డబ్బాల్లో నిల్వచేసే విద్య నేర్చుకోవడానికి. 1917 వలస చట్టం భారతీయ కూలీలకు తలుపు మూసినా, విద్యార్థులను రానిచ్చింది. కాలిఫోర్నియాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో గణితం వైపు మళ్లి 1924లో పీహెచ్‌డీ పూర్తిచేశారు. అంతకు ఏడాది ముందే, భగత్ సింగ్ థింద్ కేసులో, భారతీయులు ‘శ్వేతజాతి’ కిందికి రారు కాబట్టి పౌరసత్వానికి అనర్హులని సుప్రీంకోర్టు తేల్చేసింది. చేతిలో డాక్టరేట్ ఉన్న మనిషి కాలిఫోర్నియాలోనే ఉన్న ఇంపీరియల్ లోయలో పొలం పనికి దిగింది ఈ తీర్పు తర్వాతే.

పొలమైనా తన పేరున ఉండే వీల్లేదు. పౌరసత్వానికి అనర్హులైన విదేశీయులు సాగుభూమి కొనకూడదని కాలిఫోర్నియా 1913లోనే చట్టం చేసింది. మూడేళ్ల వరకు కౌలుకు మాత్రం వీలుండేది. 1920లో ఆ సందూ మూసేశారు. దాంతో అక్కడి భారతీయ రైతులు నమ్మకస్తుడైన అమెరికన్ పౌరుడి పేరున కాగితాలు రాయించుకుని సాగుచేసేవారు. పంట చేతికొచ్చాక అతగాడు మాట తప్పితే కోర్టుకెక్కే దారి లేదు, ఎందుకంటే ఆ ఒప్పందమే చట్టవిరుద్ధం. బినామీ అని రుజువైతే భూమి ప్రభుత్వపరం. పోనీ అమెరికన్ భార్య పేరున పెట్టుకుందామా అంటే, అనర్హుడైన విదేశీయుణ్ణి పెళ్లాడిన స్త్రీ పౌరసత్వాన్నే 1922 నాటి కేబుల్ చట్టం ఊడబెరికేది. 1931లో సవరించేదాకా అదే వరస. సౌంద్, మేరియన్ కోసాల పెళ్లి 1928లో జరిగింది.

ముడి విప్పింది 1946 జూలై 2న అధ్యక్షుడు ట్రూమన్ సంతకం చేసిన లూస్-సెల్లర్ చట్టం. భారతీయులకు పౌరసత్వపు హక్కు, ఏడాదికి 100 మందికి ప్రవేశం. ఆ చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగినవారిలో సౌంద్ ఒకరు. ఆయన పౌరుడైంది 1949 డిసెంబర్ 16న. ఈ తేదీ గుర్తుంచుకోవాలి, తర్వాత ప్రతి మలుపులోనూ ఎదురవుతుంది.

1950 నవంబర్‌లో ఇంపీరియల్ లోయలోని వెస్ట్‌మోర్లండ్‌లో స్థానిక న్యాయమూర్తి పదవికి గెలిచారు. కుర్చీ ఇవ్వలేదు. ఎన్నిక నాటికి పౌరసత్వానికి ఏడాది నిండలేదట. తక్కువపడింది ఐదారు వారాలు. 1952లో మళ్లీ పోటీచేసి గెలిచాకే ఆ పదవి దక్కింది.

ప్రతినిధుల సభకైతే ఏడేళ్ల పౌరసత్వం కావాలని రాజ్యాంగమే అంటుంది. 1956 నవంబర్ 6న పోలింగ్ నాటికి సౌంద్‌కు ఏడేళ్లు నిండలేదు. ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఆయన ప్రత్యర్థి ఇదే పట్టుకుని కోర్టుకు వెళ్లాడు, కేసు నిలవలేదు. ఇక్కడ లెక్క పోలింగ్ రోజు నుంచి కాదు, సభలో సభ్యత్వం స్వీకరించే రోజు నుంచి. డిసెంబర్ 16న ఏడేళ్లు నిండాయి, 1957 జనవరి 3న కొత్త కాంగ్రెస్ కొలువుదీరింది. మధ్యనున్నది 18 రోజులు! లూస్-సెల్లర్ చట్టం ఇంకో ఏడాది ఆలస్యమై, దాంతోపాటే ఆయన పౌరసత్వమూ వెనక్కి జరిగి ఉంటే 1956 పోటీయే లేదు.

ఇక “సిక్కుల ఓట్లు”. 1940 జనగణనలో అమెరికా మొత్తంమీద భారతీయులు దాదాపు 2,400 మంది. వాళ్లలో అత్యధికులకు 1946 దాకా ఓటుహక్కే లేదు. రివర్‌సైడ్, ఇంపీరియల్ కౌంటీలు కలిసిన 29వ నియోజకవర్గం రిపబ్లికన్ల చేతిలో ఉన్న స్థానం. ఎదురు నిలిచింది ధ్వనివేగాన్ని దాటిన తొలి మహిళా పైలట్ జాక్వలిన్ కాక్రన్. పేరుకూ డబ్బుకూ ఆమెకు కొదవ లేదు. సౌంద్‌ను స్వల్ప తేడాతో గెలిపించింది ఇరవై ఏళ్లకు పైగా ఆయన్ను పక్క పొలం మనిషిగా చూసిన తెల్ల రైతులు, ఇంటింటికీ తిరిగిన కుటుంబసభ్యులు, కార్యకర్తలు.

“అప్పటినుంచే తలుపులు తెరుచుకున్నాయి” అన్నది మరీ విడ్డూరం. మూడుసార్లు గెలిచిన సౌంద్‌కు 1962లో పక్షవాతం వచ్చింది. ప్రచారానికి వెళ్లలేక ఆ నవంబర్‌లో ఓడిపోయారు. 1973లో కన్నుమూశారు. ఏడాదికి 100 అన్న గీత చెరిగింది 1965 చట్టంతో. దాన్ని తెచ్చినవారిలోనూ లూస్-సెల్లర్ చట్టం పేరులోని ఇమాన్యుయెల్ సెల్లరే ఉన్నారు. మన తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగింది ఆ తర్వాతే. అయినా సౌంద్ 1963 జనవరిలో సభ వదిలాక, రెండో భారతీయ సంతతి సభ్యుడు బాబీ జిందాల్ అక్కడ అడుగుపెట్టింది 2005 జనవరిలో.