చలి ఏ రాష్ట్రానిది?

మొన్న భోగి మంట దగ్గర మా పర్లాకిమిడిలో పదిమంది పెద్దమనుషులం నిలబడి చెమటలు తుడుచుకున్నాం. మంట సెగ వల్ల కాదు, మంటకు అల్లంత దూరంలోనే ఉన్నాం. పుష్యమాసానికి పూసంత వేసంగి అన్నారు పెద్దలు. ఈసారి పూస కాస్తా గుమ్మడికాయ అయింది. చలి కనబడటం లేదన్న ఫిర్యాదుపై అప్పటికప్పుడు ఒక విచారణ సంఘం వేసుకున్నాం. నివేదిక రాసే పని, చేతిలో పెన్ను ఉన్న పాపానికి, నా మీద పడింది.

మొదట తేలవలసింది విచారణ పరిధి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు గీతకు ఇవతల పడింది, పాతపట్నం అవతల ఉండిపోయింది. ఇక్కడి వణుకు భువనేశ్వర్ లెక్కలోకి వెళుతుంది, అక్కడిది అమరావతి లెక్కలోకి. మధ్యలో మహేంద్రతనయ నది మీదుగా వచ్చే గాలిని ఎవరి ఖాతాలో రాయాలో ఎవరూ చెప్పరు. కొరాపుట్ వైపు కొటియా గ్రామాలనే చూడండి. వాటి కోసం రెండు రాష్ట్రాలూ 1968 నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. ఒకరు బడి కడితే ఇంకొకరు రోడ్డు వేస్తారు, ఇద్దరూ కార్డులిస్తారు. అక్కడ మాఘమాసంలో మాకులు వణుకుతాయి. అయినా ఆ చలి మాదేనని ఇంతవరకు ఏ ప్రభుత్వమూ దావా వేయలేదు.

ముద్దాయిల్లో మొదటివారు పసిఫిక్ మహాసముద్రం నుంచి వచ్చారు. క్రిస్మస్ వేళకు సముద్రం వేడెక్కడం చూసిన పెరూ జాలర్లు దానికి బాలయేసు పేరుతో ఎల్ నినో అన్నారు. నీళ్ళు చల్లబడితే వచ్చేది అతగాడి చెల్లెలు లా నినా. లా నినా ఉంటే మన దేశంలో చలి ముదురుతుందని అందరి నమ్మకం. ఆవిడ 2020 నుంచి 2023 మొదటి నెలల దాకా, మూడు చలికాలాలు, పుట్టింటికొచ్చిన ఆడపడుచులా కదలకుండా కూర్చుంది. సరిగ్గా ఆవిడ ఇంట్లో ఉండగానే 2022 డిసెంబర్ దేశంలో 1901 తర్వాత అత్యంత వెచ్చని డిసెంబర్ అయింది. మరుసటి ఫిబ్రవరిలో పగటి ఎండ సగటు కూడా 1901 నుంచి ఉన్న లెక్కలను దాటేసింది. ఆడపడుచు మీద నేరం మోపితే సాక్ష్యం నిలిచేలా లేదు.

రెండో ముద్దాయి మధ్యధరా సముద్రం నుంచి వచ్చే పశ్చిమ అలజడులు. అవి హిమాలయాల మీద మంచు కురిపించి వెళ్ళాక వాయవ్యం నుంచి పొడి గాలి దిగి, ఛత్తీస్‌గఢ్ మీదుగా మా కొండల దాకా వస్తుంది. అవి ముఖం చాటేసినా, మరీ ఉత్తరంగా పోయినా మాకు చలి వాటా అందదు. ఉత్తరధ్రువం దగ్గర గిర్రున తిరిగే శీతల సుడిగాలి పేరు కూడా ఒక సభ్యుడు ఎత్తారు. దాని పాత్రపై శాస్త్రజ్ఞులే ఇంకా కీచులాడుకుంటున్నారు కాబట్టి సమన్లు పంపలేదు.

మూడో ముద్దాయి మాత్రం మన ఇంటివాడే, బంగాళాఖాతం. తుపాను అంటే అక్టోబరు, నవంబరు అనుకునే రోజులు పోయాయి. పెథాయ్ 2018 డిసెంబరులో వచ్చింది, మిచౌంగ్ 2023 డిసెంబరులో. అలాంటివి లేచినప్పుడల్లా తూర్పు నుంచి తేమ వస్తుంది, మబ్బు కమ్ముతుంది. పగలు నేల తాగిన వేడి రాత్రి ఆకాశంలోకి పోవాలి, మబ్బు రగ్గులా కప్పేస్తే ఎక్కడికి పోతుంది? ఇక మబ్బు విడిందా, ఆ రాత్రే వేడి పోయి చలి బిగుస్తుంది. ఒకే వారంలో ఫ్యానూ రగ్గూ రెండూ కావలసి రావడంలో వింత లేదు. అలాంటి తెల్లవారుజామున కొండల మీది చల్లగాలి బరువెక్కి జారి లోయ అడుగున పడుకుంటుంది, దాని మీద వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. మా వీధి చివర పొయ్యి రాజేస్తే పొగ తాటిచెట్టంత ఎత్తు కూడా లేవలేక, అక్కడి నుంచి అడ్డంగా పరుచుకుని గుడి గోపురాన్ని సగానికి కోసేసింది.

ఇదంతా మాకు అందించే వాతావరణ శాఖ ప్రకటనల భాష గురించి ఒక మాట. గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్ళో పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగు కోసం జీవితాంతం పోరాడారు. అదే ఊళ్ళో ఇప్పుడు ‘ఉపరితల ఆవర్తనం, దానికి అనుబంధంగా అల్పపీడన ద్రోణి’ అని వింటున్నాం. ఈ ద్రోణి అశ్వత్థామకు ఏమవుతాడని పక్కింటి మామ్మగారు అడిగారు. ఆయనే అయ్యుంటాడమ్మా, చిరంజీవి కదా అన్నాను.

ఇక చట్టం సంగతి. మైదాన ప్రాంతంలో శీతల గాలులని ప్రకటించాలంటే కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలి, సాధారణం కన్నా 4.5 డిగ్రీలైనా తగ్గాలి. సముద్రపు ఒడ్డున ఉన్నవారికి 15 చాలు. మేము ఒడ్డున లేము. పదిన్నర దగ్గర వణికితే అది మా వ్యక్తిగత వ్యవహారం. పైగా ఆ ‘సాధారణం’ అనేదాన్ని ఒకచోట నిలబెట్టి పట్టుకోలేం. అది 30 ఏళ్ళ సగటు. ఇంతకుముందు 1981 నుంచి 2010 వరకు లెక్కించేవారు, ఇప్పుడు 1991 నుంచి 2020 వరకు. అంటే మా చిన్నప్పటి చలి పింఛను పుచ్చుకుని వెళ్ళిపోయింది, ఈ వెచ్చదనానికి ఉద్యోగం పర్మనెంటు అయింది. 2024లో భూమి సగటు వేడి పరిశ్రమలకు ముందున్న కాలంతో పోలిస్తే ఒకటిన్నర డిగ్రీ దాటింది. ఈ నాలుగో కేసు కూడా మా ముందుకొచ్చింది. ముద్దాయిల జాబితా మా వీధి నుంచే మొదలవుతోందని గమనించి, ఆ ఫైలును సంఘం ఏకగ్రీవంగా పక్కన పెట్టింది.

సాక్షుల్లో నమ్మదగినవి చెట్లు. మామిడి పూత పట్టాలంటే రాత్రులు చల్లగా, పొడిగా ఉండాలి. మబ్బు పట్టిన వారంలో జీడిపూత మీదికి టీ దోమ అనే పురుగు దిగుతుంది, కొమ్మల చివర్లు మాడిపోతాయి. చెట్లకు ప్రకటనలు చదవడం రాదు కాబట్టి అవి అబద్ధం చెప్పవు.

వాటి తర్వాత నమ్మదగినది మా జిల్లాలోని చంద్రగిరి నుంచి స్వెటర్లు తెచ్చి అమ్మే ఆవిడ. 1963లో టిబెట్ శరణార్థులకు అక్కడ చోటిచ్చారు, వాళ్ళలో ఓ కుటుంబం ఆమెది. నాతో తెలుగులో, నా వెనకాయనతో ఒడియాలో బేరమాడింది. ఈ ఏడాది చలి ఎలా ఉందమ్మా అని అడిగాను.

“మఫ్లర్లు పోతున్నాయి బాబూ, స్వెటర్లు కదలడం లేదు. మెడకే చలి, ఒంటికి లేదు.”

ఎల్ నినో నుంచి అశ్వత్థామ దాకా ఇంత తేటగా చెప్పినవారు లేరు. ముచ్చటపడి సగం ధరకు ఓ బూడిదరంగు స్వెటరు కొన్నాను. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, రానిది ఎలా పోతుందో తేల్చడానికి విచారణను ఆ రోజుకు వాయిదా వేసి, ఫ్యాను రెండులో పెట్టుకుని పడుకున్నాను.

రాత్రి మూడింటికి పళ్ళు టకటకలాడుతూ మెలకువ వచ్చింది. మబ్బు విడిపోయింది, నక్షత్రాలు చేతికందేలా ఉన్నాయి. స్వెటరు ఎక్కడ పెట్టానో గుర్తుకు రాలేదు. దుప్పటి కప్పుకుని వసారాలోకి వెళ్ళి గోడకున్న థర్మామీటరు మీద టార్చి వేశాను. పదకొండు. నిబంధనల ప్రకారం నేను వణకడం లేదు.